మా అత్త ఇంటి దూలం మీద అడవి గూబ

ఇది ఒక మహాకావ్యం. నూరేళ్లకు పైగా లోకం కంటికి కనపడకుండా పోయిన పక్షి ఇందులో ఉంది. సముద్రాల అవతల జరిగిన దొంగతనం ఉంది. ఇల్లు వదిలి వనవాసం పోవాల్సిన ఒక ఇల్లాలు ఉంది. ఆమె కోసం పంచాంగానికీ పక్షిశాస్త్రానికీ మధ్య జరిగిన మహాసంగ్రామం ఉంది. కొంచెం కాళ్లు చాపుకొని కూర్చోండి, చాలాసేపు పడుతుంది.

పట్టదు. ఊపులో అట్లా రాసేసినాను. జరిగిందేమంటే, ఎమ్మిగనూరులో మా మేనత్త ఇంట్లోకి ఒక చిన్న గూబ దూరింది. దాన్ని చూసి మేమందరం ఒక పగలంతా నానా హంగామా చేసినాము. సంగ్రామం మాత్రం నిజమే. మధ్యలో టీ కోసం ఆగింది.

నేను ఆదోనిలో ఒక ఫోటో స్టూడియోలో పని చేస్తాను. పెండ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, ఓణీల ఫంక్షన్లు, దుకాణాల ప్రారంభాలు. ముహూర్తాలు లేని నెలల్లో కెమెరాకూ నాకూ ఇద్దరికీ పని ఉండదు. అప్పుడు దాన్ని మెడకు తగిలించుకొని ఊరి చుట్టూ ఉన్న రాతికొండల మీదికి పోతాను. అక్కడ పక్షులుంటాయి. మనుషుల కంటే పక్షులతో వ్యవహారం నయం. ఫోటోలో నల్లగా వచ్చినానని ఏ కాకీ ఇంతవరకు స్టూడియోకు వచ్చి గొడవ చేయలేదు.

తీసిన ఫోటోలను పక్షుల పిచ్చి ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఆ గ్రూపును నడిపేది కర్నూలులో సైన్సు చెప్పే ఒక టీచరమ్మ. మనం ఎంత ఊగిపోతూ ఫోటో పంపినా ఆమె జవాబు ఒక్క మాటే. "గోరింక." ఇంకొకటి పంపితే, "ఇది కూడా గోరింక." ఒకసారి కొండ కొమ్మున గద్ద కూర్చుందని గుండె చేత్తో పట్టుకొని, బండల మీద బోర్లా పాక్కుంటూ పోయి తీసిన ఫోటోకు "ప్లాస్టిక్ కవరు" అని వచ్చింది. పెద్దది చేసి చూస్తే నిజమే, కవరే. దాని మీద బట్టల షాపు పేరు కూడా చదవొచ్చు.

ఆ గ్రూపులోనే అడవి గూబ సంగతి మొదటిసారి చదివినాను. చదివిన రోజు అన్నం సయించలేదు. పక్షి చూస్తే గోరింకంత ఉంటుంది, కథ చూస్తే ఏనుగంత. తెల్లదొరల కాలంలో ఎవరెవరో మధ్య భారతదేశపు అడవుల్లో దాన్ని కాల్చి, చర్మంలో దూది కూరి మ్యూజియాలకు పంపినారు. అట్లా పంపినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత పక్షి ఎవరికీ కనపడలేదు. ఒక దొర మాత్రం తానూ ఒకదాన్ని పట్టినానన్నాడు. పెద్దమనిషి కదా అని అందరూ నమ్మి, ఆయన చెప్పిన చోట వెతికినారు. ఏమీ లేదు. చివరికి తేలిందేమంటే, ఆయన దాన్ని అడవిలో పట్టలేదు, మ్యూజియంలో పట్టినాడు. ఇంకెవరో ఎప్పుడో పంపిన పక్షిని ఎత్తుకొచ్చి, లోపల దూది మార్చి, కాలికి చీటీ మార్చి తనదన్నాడు. ఇది చదివినాక మా ఊరి దొంగల మీద నాకు గౌరవం పెరిగింది. మావాళ్లు బోరు మోటార్లతో సరిపెట్టుకుంటారు.

వెతికేవాళ్లు ఆ అబద్ధపు చోటును పక్కన పెట్టి, పాత పక్షులు నిజంగా దొరికిన చోట్లకు పోయి వెతికితే, మహారాష్ట్రలో ఒక కొండ కింద, ఆకులు రాలిన చెట్టు మీద కూర్చొని కనపడింది. పట్టపగలు. దీని గొప్పంతా ఆ పట్టపగల్లోనే ఉంది. తతిమ్మా గూబలు పొద్దు గూకితే గానీ డ్యూటీ ఎక్కవు. ఇది పొద్దుటెండలో కొమ్మ చివర కూర్చొని, తోక అటూ ఇటూ ఆడిస్తూ, కింద తొండో ఎలుకో కదిలితే దబ్బున దూకుతుంది. టేకు అడవుల్లో చెట్టు తొర్రలో పిల్లల్ని చేస్తుంది. నెత్తి మీద చుక్కలు ఉండీ లేనట్టుంటాయి. కాళ్లకు మాత్రం ఒత్తుగా తెల్లని ఈకలు, చలికాలంలో సాక్సులు తొడిగినట్టు. అడవులు పోయి చేలు వచ్చే కొద్దీ దానికి చోటు తగ్గిపోతా ఉంది. ఇప్పటికీ ఆ మధ్య భారతంలోనే అక్కడో గుంపు ఇక్కడో గుంపు. మా ఆదోని దరిదాపుల్లో చూసినవాళ్లు లేరు.

చూసినవాళ్లు లేరంటే పక్షి లేదని కాదు కదా. కెమెరా ఉన్న ప్రతివాడూ ఇట్లాగే ఆలోచిస్తాడు. నేను కూడా కొండల మీద ఎండలో తోకాడించే ప్రతి పిట్టనూ కొన్నాళ్లు అనుమానంగా చూసినాను. అవి కూడా నన్ను అట్లాగే చూసినాయి.

మొన్నటి ఆషాఢంలో ఒకరోజు పొద్దున్నే మా మేనత్త ఫోన్ చేసింది.

"ఏమప్పా, లేచినావా?"

"లేచినానత్తా."

"ఇంట్లోకి గూబ వచ్చినాది. నువ్వు పక్షుల్ని సూసేటోడివి కదా, జల్దీ రా."

"ఫోటోలు తీస్తానంతే అత్తా. పక్షుల డాక్టర్ను కాదు."

"ఫోటోనన్నా తీద్దువు రా. మీ పెద్దమామ ఇల్లు పాడుపెట్టాలంటాండాడు. ముండ్లకంప కొట్టుకొచ్చేదానికి పోయినాడు."

ఆ మాటతో మంచం దిగినాను.

మావైపు గూబ ఇంటి మీద వాలితే తిట్టి తరుముతారు. ఇంట్లోకే చొస్తే మాత్రం ఇల్లు పాడుపెట్టాలంటారు. అంటే పొయ్యి ఆర్పి, తలుపుకు తాళమేసి, దానికి అడ్డంగా ముండ్లకంప పెట్టి అందరూ వెళ్లిపోవాలి. నెలలు గడిచి పంతులు మంచిరోజు చెప్పినాక సున్నం కొట్టించి, ఆవును ముందు నడిపించి లోపలికి రావాలి. పక్షి ఒక్క రాత్రి తప్పుదారి పట్టిన దానికి మనుషులకు ఇంత శిక్ష. గూబకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మా అత్తది నేత పని. మామ బళ్లారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పని చేస్తాడు, పండగలకు వస్తాడు. ఇంట్లో ఉండేది అత్త, ఆమె గుంత మగ్గం. పేరులోనే ఉంది, నేలలో గుంత తవ్వి, కాళ్లు అందులోకి దించి తొక్కుతూ నేసే మగ్గం. మంచం మాదిరి ఎత్తి పక్కింట్లో వేసేది కాదు. ఇల్లు పాడుపెడితే మగ్గం కూడా పాడే. పైగా కొత్త పడుగు ఎక్కించి ఎన్నో రోజులు కాలేదు. పాత పోగులకు కొత్త పోగులను ఒక్కొక్కటే వేళ్లతో మెలేసి అతికింది. తాళమేసిన ఇంట్లో ఆ పడుగు ఎలుకలకు పండగ.

ఫోన్ పెట్టే ముందు ఆమె ఇంకో మాట అంది. "మగ్గం దిగినోళ్లు మల్ల ఎక్కింది నేను యాడా సూడలేదప్పా. ఈ వీధిలో దిగినోళ్లంతా బళ్లారిలో ప్యాంట్లకు గుండీలు కొడతాండారు. నేను దిగను."

నేను జోకు వేయకుండా ఫోన్ పెట్టేసినాను. ఇది నాకు తరచుగా జరిగేది కాదు.

స్టూడియో కెమెరా, పెద్ద లెన్సు సంచిలో వేసుకొని బస్సెక్కినాను. పక్క సీట్లో పెద్దకడుబూరు ఊరి పెద్దాయన, ఒళ్లో పురుగుమందు డబ్బా. నా సంచిని ఎగాదిగా చూసినాడు.

"కెమెరా యాడికప్పా, పెండ్లికా?"

"ఆషాఢంలో పెండ్లేమిటి తాతా. గూబకు."

ఆయన ఒళ్లో డబ్బా సర్దుకున్నాడు. "ఎవరికిచ్చి చేస్తాండారు?"

అత్త ఇల్లు ఒకటే పొడవాటి గది. పైన బండల మిద్దె, దాన్ని మోసే చెక్క దూలాలు. ఒక చివర పొయ్యి, ఇంకో చివర కిటికీ పక్కన మగ్గం. మగ్గం పైన దూలానికి గంజి పెట్టిన నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, ఆరేసి ఉన్నాయి. వాటి పక్కన, పసుపుపచ్చ కళ్లు రెండు నన్ను చూస్తూ ఉన్నాయి.

నేను కెమెరా తీసినాను. లెన్సులోంచి ముందు కాళ్లు కనపడినాయి. ఒత్తుగా, తెల్లగా, మడమల దాకా. తల చూసినాను. ఒక్క చుక్క లేదు, మట్టిరంగు నున్నటి తల. బయట పొద్దు బాగా ఎక్కి ఉంది, గూబ కళ్లు మాత్రం టీ తాగి వచ్చినవాడి కళ్ల మాదిరి తెరుచుకొని ఉన్నాయి. అంతలో తోకను అటొకసారి, ఇటొకసారి ఆడించింది.

తొందరలో తీసిన మొదటి ఫోటోలన్నీ దూలానివే వచ్చినాయి. దూలం చాలా బాగా వచ్చింది.

"అత్తా," అన్నాను. "ఇది ఏమనుకుంటాండావు?"

"గూబ."

"గూబే. కానీ నూరేండ్లు ఎవరికీ కనపడని గూబ."

"కనపడకుండా ఉంటే బాగుండె కదప్పా, పనున్న రోజే కనపడాల్నా?"

అప్పుడు వచ్చినాడు పెద్దమామ. ఆయన మా మామకు అన్న, ఆ వీధికి పెద్దమనిషి. ఎవరింట్లో ఏ దోషమున్నా ముందు ఆయనకే తెలుస్తుంది. భుజం మీద ముండ్లకంప, చేతిలో కొత్త తాళం. తాళం ఇంకా ప్లాస్టిక్ కాగితంలోనే ఉంది.

"సామాన్లు సర్దుకోమ్మా," అన్నాడు అత్తతో. నన్ను చూసి, "నువ్వేమప్పా, పెండ్లిళ్లు లేవని చావులకు కూడా వస్తాండావా?" అన్నాడు.

"పెద్దమామా, ఇది మామూలు గూబ కాదు. నూరేండ్లకు పైన కనపడక పోయి, మహారాష్ట్రలో దొరికిన గూబ. ఇది రాత్రి తిరిగేది కాదు, పగలే తిరుగుతాది."

"ఏమిటికి, రాత్రిపూట కండ్లు కనపడవా దానికి?"

"దాని అలవాటు అది."

"గూబకు అలవాటేంది? గూబంటే గూబే. మాయవ్వ సెప్పింది, మాయవ్వకు వాళ్లవ్వ సెప్పింది."

నేను వాళ్లవ్వకు ఫోటో చూపించలేను కాబట్టి వాదన అక్కడ ఆగింది. వాకిట్లో అప్పటికే వీధిలోని ఆడవాళ్లు చేరి ఉన్నారు. వాళ్లలో ఒకామె, "ఊకే వాదులాడుకునే బదులు పంతులుకు ఫోన్ చేయరాదా?" అంది. ఆ రోజు మా మధ్య తెలివైన మాట అదొక్కటే, కాబట్టి అందరూ ఒప్పుకోవడానికి కొంచెం టైము పట్టింది. ఈలోగా టీ వచ్చింది.

పెద్దమామ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టినాడు. అవతల మిక్సీ తిరుగుతున్న శబ్దం, దాని మీదుగా పంతులు గొంతు.

"గూబ ఇల్లు చొచ్చిందా? పగలు తిరిగేదా, రాత్రి తిరిగేదా?"

"గూబ పగలెట్ల తిరుగుతాది సామీ?"

"నన్నడిగితే ఎట్లయ్యా, నేను చూసినానా? రాత్రి తిరిగేదైతే ఇల్లు పాడుపెట్టాల. పగలు తిరిగేదైతే కాకితో సమానం. పసుపునీళ్లు చల్లుకొని మీ పని మీరు చూసుకోండి." మిక్సీ ఆగింది. "పక్షిని సరిగ్గా చూసి చెప్పండి. నేను మళ్లీ చేస్తా, పచ్చడి ఉంది."

అందరూ నావైపు తిరిగినారు. అంతవరకు నేను పెండ్లిలో "కొంచెం నవ్వండి" అన్నా వినని జనం వాళ్లు. ఇప్పుడు మా అత్త ఇల్లు, మగ్గం, పడుగు అన్నీ నా నోటి మాట మీద ఉన్నాయి. నేను గొంతు సవరించుకొని అడవి గూబ చరిత్ర మొదలుపెట్టినాను. దొరలు, దూది, దొంగతనం దాకా వచ్చినాను. ఆడవాళ్లలో ఒకామె ఆవులించింది.

గూబ నా కంటే బాగా చెప్పింది. చిలపల వెనక గోడ మీద ఒక బల్లి పాకింది. గూబ తల కిందికి వంచింది, మెడ రెండుసార్లు పైకీ కిందికీ ఆడించింది, అంతే, గాలిలోకి. రెక్కల చప్పుడు లేదు. ముక్కు మీద వేలు పెట్టుకున్న ఆడవాళ్ల కళ్ల ముందు, తెల్లటి ఎండ కిటికీలోంచి పడుతున్న గోడ మీద, బల్లిని కాలితో పట్టి మళ్లీ దూలం ఎక్కింది. తోక బల్లి మాత్రం కింద పడి గిలగిలా కొట్టుకుంది. అంటే బల్లి తోక. ఆ ఊపులో వాక్యం కూడా తిరగబడింది.

అంతవరకు తీసిన ఫోటోల్లో నయంగా ఉన్నవి ఏరి గ్రూపులో పెట్టినాను. టీచరమ్మ బడిలో ఉంటుంది, జవాబు సాయంత్రానికి గానీ రాదు. ఎవరికి కావాలి జవాబు. కళ్ల ముందే ఉంది.

"పగలే తింటాంది," అన్నాడు పెద్దమామ నెమ్మదిగా.

"సెప్పినా కదా."

ఆయన కంపను వాకిట్లో గోడకు ఆనించినాడు. పంతులుకు ఫోన్ చేసి "పగటిదే సామీ, వీధంతా సూసినాం" అన్నాడు. అట్లయితే పసుపునీళ్లు అన్నాడు పంతులు. అత్త చెంబుతో పసుపునీళ్లు గదంతా చల్లి, పోయి మగ్గం గుంతలోకి కాళ్లు దించి కూర్చుంది. రెండు చేతులూ పడుగు మీద పెట్టి ఒకసారి నిమిరింది. ఆ తర్వాత మగ్గం మోత మొదలైంది.

ఇంత శబ్దానికి గూబ ఎగిరిపోతుందేమోనని నేను కెమెరా పట్టుకొని బిగుసుకుపోయినాను. ఎగరలేదు. కింద పేక పోగును మోసే నాడె పడుగులోంచి అటు పరుగెత్తితే తల అటు తిప్పింది. నాడె ఇటు వస్తే ఇటు. అటు, ఇటు, అటు, ఇటు. లోకంలో ఏ పక్షుల పుస్తకంలోనూ లేని ఫోటో. చీర నేసే చోట పైనుంచి చూస్తున్న అడవి గూబ. ఈ ఫోటో అచ్చులో ఎక్కడెక్కడ వస్తుందో, కింద నా పేరు ఏ సైజులో ఉంటుందో అనే విషయం మీద కొంచెం ఆలోచన పెట్టినాను.

పెద్దమామ తీరు కూడా మారిపోయింది. ఇందాక "ఈ ఇంట్లోకి" వచ్చిన గూబ ఇప్పుడు "మా ఇంటికి" వచ్చింది. గడపలో నిలబడి వచ్చినవాళ్లకు ఆయనే చెప్పడం మొదలుపెట్టినాడు. నూరేండ్లుగా కనపడని పక్షి అని నేను చెప్తే, ఆయన నోట్లో అది నూరేండ్లుగా బతికి ఉన్న పక్షి అయింది. వీధి చివరకు చేరేసరికి దాన్ని వెతుక్కుంటూ దొరలు వస్తున్నారు. హాలహర్వి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన గూబ కాళ్లకు దండం పెట్టి, ఏమైనా కోరుకోవచ్చునా అని అడిగినాడు. కోరుకోమన్నాను. ట్రాక్టరు కోరుకున్నాడు.

అప్పుడు ఫోన్‌లో మెసేజి మోగింది. సాయంత్రం కాకముందే టీచరమ్మకు తీరిక దొరికింది.

"పైడికంటె."

పైడికంటె అంటే చుక్కల గూబ. మన చింతచెట్లలో, పాత గోడల బొక్కల్లో, రాతి సందుల్లో ఎక్కడ చూసినా ఉండేది. పక్షుల్లో గోరింక ఎట్లాగో గూబల్లో ఇది అట్లా. పొద్దుగూకినాక పని మొదలుపెట్టేదే, కాకపోతే ఆకలేస్తే పగలు కూడా దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంది.

నేను ఊరుకోలేదు. "మేడం, కాళ్లు చూడండి" అని పెట్టినాను.

"నూలు" అని వచ్చింది.

"తల మీద చుక్కల్లేవు."

"బూజు. మెడ వెనక చూడు."

ఫోటోను పెద్దది చేసినాను. కాళ్ల మీద ఈకలు కావవి. తెల్లవారుజామున లోపలికి వచ్చి తడి గంజి చిలపల మీద వాలినట్టుంది, జిగురు కాళ్లకు అంటింది, ఆ జిగురుకు మగ్గం కాడి దూది పీచంతా చుట్టుకుంది. సాక్సులు తొడిగింది మా అత్తే. నెత్తి మీద మట్టిరంగు, మిద్దె బండల సందులోంచి దూరేటప్పుడు తుడుచుకున్న బూజు. మెడ వెనక బూజు అంటని చోట తెల్లటి చుక్కలు, వరసగా, లెక్కపెట్టుకోవచ్చు. అడవిలో ఉన్నవాడికి ఈ పొరపాటు రాదు. నేతగాళ్ల ఇంట్లో పుట్టి, దూది మధ్య పెరిగి, ఇంట్లో దూది ఉంటుందన్న సంగతి మరిచినవాడికే వస్తుంది.

ఇంకో మెసేజి వచ్చింది. "ఫోటో బాగుంది." ఆమె ఎప్పుడూ అట్లా అనదు. ఆ రోజు మాత్రం దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

పోయి అత్త పక్కన నేల మీద కూర్చున్నాను. "అత్తా, ఇది మామూలుదే. మన చింతచెట్లల్లో ఉండేదే."

"రాత్రి తిరిగేదా?"

"రాత్రి తిరిగేదే."

నాడె మధ్యలో ఆగిపోయింది. గడపలో పెద్దమామ ఎవరికో గూబ మరాఠీ మాట్లాడుతుందని చెప్తున్నాడు.

"ఇంగ ఎవరికీ తెలియదు," అన్నాను. "నువ్వు నేయి. నేను గమ్మునుంటా."

"నువ్వు గమ్మునుంటావా?" అంది అత్త. అది ప్రశ్న కాదు. తర్వాత పడుగు వైపు చూస్తూ అంది, "మగ్గం మీద కూచోని అబద్ధమాడితే పోగు నిలవదప్పా. మాయత్త సెప్పింది. ఈ పడుగంతా నేసేదాకా నేను అబద్ధం మీద కూచోవాల్నా? సూడు, బావను నేనే పిలుస్తా. నువ్వు సెప్తే దొరల కాడినుంచి మొదలుపెడతావు."

పిలిచింది. ఉన్నదున్నట్టు రెండు ముక్కల్లో చెప్పింది. పెద్దమామ మొహం చూస్తే నాకే పాపమనిపించింది. ఆయన చేతిలోంచి నూరేండ్ల పక్షి జారిపోయింది, వీధి వీధంతా చూస్తుండగా. తర్వాత పోయి కంప తెచ్చినాడు.

"అయితే ఇంగేం లేదమ్మా. పాడుపెట్టాల్సిందే."

"సరే బావా," అంది అత్త.

నేను ఉలిక్కిపడినాను. పొద్దున ఫోన్‌లో దిగను అన్న మనిషి గుంతలోంచి కాళ్లు పైకి తీసి, చీర కుచ్చెళ్లు దులుపుకొని నిలబడింది.

"ఇల్లు పాడుపెట్టినోళ్లను పెద్దింటోళ్లు చేర్చుకోవాల, అదీ ఉండాది కదా బావా?"

"ఉండదా మరి. మా ఇల్లు నీ ఇల్లు కాదా? అన్నం పెట్టలేమా?"

"అన్నం నేను వండుకుంటా. గుంత యాడ తవ్విస్తావు?"

"ఏం గుంత?"

"మగ్గం గుంత. పడుగు ఎక్కించినంక మధ్యలో ఆపకూడదు, ఇప్పి ఎత్తుకొచ్చి ఈ పొద్దే దింపాల. వెలుతురు కావాల, కిటికీ పక్కన కావాల. మీ ఇంట్లో అట్లాంటి చోటు ముందర హాలే కదా."

పెద్దమామ ఇంటి ముందర హాల్లో ఆ వేసవిలోనే టైల్స్ వేయించినారు. తెల్లటివి, మధ్యలో తామరపువ్వు. బళ్లారి దాకా పోయి ఏరి తెచ్చినవి. వచ్చిన ప్రతివాణ్నీ ఆయన చెప్పులు వాకిట్లోనే విడిపించి, లోపల తడి కాళ్లతో నడవనీయక, ఆ పువ్వు చుట్టూ తిప్పి తీసుకుపోతాడు. పువ్వు మీద ఇంతవరకు ఎవరూ కాలు పెట్టలేదు. కిటికీ వెలుతురు సరిగ్గా పువ్వు మీదనే పడుతుంది.

"మొల లోతు తవ్వితే చాలు," అంది అత్త.

వాకిట్లో ఆడవాళ్లు ఎవరి పాటికి వాళ్లు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దమామ కంపను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. దూలం మీది గూబను చూసినాడు, గూబ ఆయన్ను చూసింది. ఇద్దరిలో మొదట కన్ను ఆర్పింది గూబ కాదు.

ఆయన ఫోన్ తీసి వాకిట్లోకి పోయినాడు, ఈసారి స్పీకర్ పెట్టకుండా. అయినా వినపడింది, ఎందుకంటే ఆయన గొంతుకు స్పీకర్ అక్కర్లేదు.

"సామీ, రాత్రి పక్షే అనుకో. కానీ పగలు పని చేస్తాంది. వీధంతా సూసింది. పసుపునీళ్లు కూడా చల్లినాం. చల్లినంక మల్ల పాడుపెడితే ఆ నీళ్లకు అవమానం కాదా?" ఆగినాడు. "అవునా. అట్లనా. వేళ సూడాల్నా, పక్షిని కాదా. మంచిది సామీ. లేదు లేదు, పగలే తిన్నాది, బల్లిని."

లోపలికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "పంతులు సెప్పినాడు. పగలు తింటే పగటిదే అంట. నువ్వు కూచో అమ్మా."

"గుంత తవ్వద్దా బావా?"

"కూచోమంటే కూచో," అన్నాడు. తాళం జేబులో వేసుకున్నాడు, ప్లాస్టిక్ కాగితంతో సహా. కంపను మాత్రం మోసుకొచ్చినందుకు ఏదో ఒకటి చేయాలి కదా, వాకిట్లో పందిరి గుంజకు ఆనించి పెట్టి, దాని కోసమే తెచ్చినట్టు రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాడు.

అత్త మళ్లీ గుంతలోకి కాళ్లు దించింది. నాకేసి చూడలేదు, పోగులు సరిచూసుకుంటోంది. పెదవి మాత్రం ఒక పక్కకు వంగి ఉంది. నేను కెమెరా ఎత్తితే, "నన్ను తీయాకప్పా, నల్లగా వస్తాను," అంది.

ఇంక మిగిలింది గూబను బయటికి పంపడం. అది తెల్లవారి నుంచీ అక్కడే ఉంది. తలుపు తీసే ఉంది, అయినా కదల్లేదు. ఒకాయన కర్రతో తోద్దామన్నాడు. ఒకామె పళ్లెం వాయిద్దామంది. ట్రాక్టరు కోరుకున్న హాలహర్వి ఆయన, ట్రాక్టరు వచ్చేదాకా ఉంచుదామన్నాడు. పెద్దమామ ఫారెస్టువాళ్లకు ఫోన్ చేద్దామన్నాడు. నేను టీచరమ్మను అడిగినాను. ఆమె జవాబు ఎప్పటికంటే పొడుగ్గా వచ్చింది, అంటే ఒక వాక్యం.

ఆ వాక్యం ప్రకారం అందరం బయటికి వచ్చి, చప్పుడు చేయకుండా పక్కింటి అరుగు మీద కూర్చున్నాము. కొంచెంసేపటికి అత్త పోయి తొంగి చూసింది. దూలం ఖాళీ. ఆమె తిరిగి పోయి మగ్గం ఎక్కింది. కిటికీలో వెలుతురు తగ్గేదాకా ఆ మోత వింటూ కూర్చొని, నేను ఆదోని బస్సు పట్టుకున్నాను.

టీచరమ్మ పంపిన వాక్యం ఇది: ఇంట్లోకి గూబ వస్తే లైటు ఆర్పి, తలుపు బార్లా తీసి, మనుషులు గుమ్మానికి అడ్డం నిలబడకుండా ఉంటే అదే పోతుంది.